గిటార్‌పై మొదటి కార్డ్ మార్పు: ఇ మేజర్ నుంచి ఎ మైనర్‌కి

కార్డ్ అంటే కొన్ని స్వరాలు కలిపి మోగించే పట్టు. చాలామంది జి, సి కార్డ్‌లతో మొదలుపెట్టి నీరుగారిపోతారు. ఇ మేజర్, ఎ మైనర్ పట్టండి. రెండిటికీ వేళ్ల అమరిక ఒకటే.

ముందు ట్యూనర్ యాప్‌తో లావు తీగ నుంచి ఇ, ఎ, డి, జి, బి, ఇ స్వరాలు సరిచూసుకోండి. లావు తీగ 6వది, సన్నది 1వది.

గిటార్ మెడపై లోహపు కమ్మీల మధ్య గడే ఫ్రెట్, తల వైపు నుంచి లెక్క. ఇ మేజర్‌కి చూపుడు వేలు 3వ తీగ 1వ ఫ్రెట్‌లో. మధ్య వేలు 5వ తీగ, ఉంగరపు వేలు 4వ తీగ, రెండూ 2వ ఫ్రెట్‌లో. మూడు వేళ్లనీ ఒక్క తీగ నేలవైపు జరిపితే ఎ మైనర్. ఇందులో 6వ తీగ మీటొద్దు.

తీగ జుయ్‌మంటే వేలు ఫ్రెట్ కమ్మీకి దూరమైనట్టు. కమ్మీకి కాస్త వెనకే ఆనించి నొక్కండి. అసలు మోగకపోతే పక్కవేలు తగులుతోంది, వేలికొన నిటారుగా నిలపండి. ఎడమచేతి గోళ్లు పెరిగుంటే అది కుదరదు.

మెట్రోనోమ్ (టిక్ టిక్‌మని లయ కొట్టేది) నిమిషానికి 60 బీట్‌లలో పెట్టి, 4 బీట్‌లకో కార్డ్ మార్పు. తడబడితే 50కి దించండి. వేలికొనల మంట మామూలే. మణికట్టు నొప్పెడితే మాత్రం ఆపేయండి.