పెళ్లికార్డులకి మద్రాసు వెళ్తే, ఆర్మేనియన్ వీధిలో ఈ సమాధి చూసి రండి

నెల్లూరులో మాది ప్రెస్సు. కాగితానికీ కార్డులకీ మద్రాసు ఆండర్సన్ వీధికి పోతుంటాం. మీరూ వెళ్తే బేరాలకి ముందు ఒక గంట మిగుల్చుకోండి. లోకంలో మొట్టమొదటి ఆర్మేనియన్ పత్రిక అచ్చేసిన హరుత్యున్ ష్మావోన్యన్ ఆ పక్క వీధిలోనే ఉన్నాడు, రాతి కింద.

సెంట్రల్ నుంచి మెట్రోలో హైకోర్టు ఒక్క స్టాపే. దిగాక ఆర్మేనియన్ స్ట్రీట్ అనండి. తెలియదంటే 'అరణ్మనైక్కారన్ తెరు' అనండి. ఆర్మేనియన్ అన్న మాట తమిళుల నోట్లో నలిగి 'రాజభవనం మనిషి' అయిపోయింది!

ఆ వీధిలో మేరీమాత పేరుతో రెండు చర్చిలున్నాయి. మంగళవారం జనం కిటకిటలాడేది అంతోనియార్ కోయిల్. మొదటిసారి నేను అందులోనే అరగంట వెతికాను. మనకి కావాల్సింది ఖాళీగా ఉండే 1772 నాటి ఆర్మేనియన్ చర్చి. మధ్యాహ్నం దాటితే గేటు వేస్తారు, పొద్దున్నే పోండి. లోపల చూసి నడవండి, కింద పరిచిన రాళ్లు చాలావరకు సమాధులే. ఆవరణలో హరుత్యున్ ష్మావోన్యన్ సమాధి ఎక్కడని కాపలా ఆయన్ని అడగండి.

చూసేముందు ఆయన కథ కొంచెం తెలిసుండాలి. 1750లో ఇరాన్‌లోని షిరాజ్‌లో పుట్టాడు. ఇద్దరు కొడుకులు ఒకే వారంలో పోయారు. ఆ దుఃఖంలో దర్వీషుల (సూఫీ ఫకీర్ల) దగ్గర చేరి, ఏళ్ల తరబడి పారసీ చదివాడు. 1784లో ఈ చర్చికి ఫాదరుగా వచ్చి, 1789లో ప్రెస్సు పెట్టాడు. 1794 అక్టోబరులో 'అజ్‌దరార్' మొదలైంది. అంటే వార్తాహరుడు. ఆర్మేనియన్‌కి 38 అక్షరాలే, పెద్దబడి చిన్నబడి కలిపినా 76. ఒత్తులూ గుణింతాలతో మన తెలుగు కేసులో, అంటే అచ్చు అక్షరాలు పెట్టుకునే పెట్టెలో, వందల గళ్లు. చిన్నప్పుడు కంపోజింగ్ చేసిన నాకు ఈ లెక్క చూస్తే కాస్త కుళ్లే!

కుంపిణీ రోజులవి. 1795లో మద్రాస్ గెజిట్ పత్రికకి సర్కారు ఉత్తర్వులు ముందుగా చూపించాకే వేయాలన్న ఆంక్ష వచ్చింది. అదే ఊళ్లో ఈయన ఓడల కబుర్లూ సరుకుల కబుర్లూ తన భాషలో నెలనెలా వేస్తున్నాడు. 18 సంచికలతో, 1796లో ఆగిపోయింది. పత్రిక పోయినా ఊరు వదల్లేదు, 1824లో ఇక్కడే పోయాడు.

ఆదివారం తొమ్మిదిన్నరకి వెళ్తే గంటలు కూడా వినొచ్చు. ఒక గంట మీద తమిళ అక్షరాలున్నాయి. కానీ ఆదివారం ఆండర్సన్ వీధి షాపులు తెరవరు, కార్డుల పని ఆగిపోతుంది.