పరిశోధన చేసే నర్తకులకు స్వయంబోధన – 4వ పాఠం: శిల్పం నుంచి అడుగుకు

పోయిన పాఠంలో ఒక నాట్యశిల్పాన్ని మూడు వైపుల నుంచి గీసుకోమన్నాను. ఆ బొమ్మలు ముందు పెట్టుకోండి. ఈసారి ఆ భంగిమను ఎనిమిది అక్షరాల ఆదితాళంలోకి తెద్దాం.

పీహెచ్‌డీ చేస్తూ గజ్జె కట్టేవాళ్లకు టైమ్ చాలదన్నదే పెద్ద బెంగ. నన్నడిగితే గంటలకన్నా ముందు నోట్‌బుక్కును రెండుగా పంచుకోవాలి. ఎడమ పేజీ ఆధారానికి, కుడి పేజీ సాధనకు.

పాలంపేట రామప్ప గుడినే తీసుకుందాం. కాకతీయ రాజు గణపతిదేవుడి సేనాని రేచర్ల రుద్రుడు 1213లో కట్టించాడు. జాయప సేనాని రాసిన నాట్యశాస్త్ర గ్రంథం ‘నృత్తరత్నావళి’ 1253–54 నాటిది, అంటే గుడి లేచిన నలభై ఏళ్లకు వచ్చింది. ఆ గ్రంథం చూసి శిల్పి చెక్కాడని చాప్టర్‌లో రాశారో, వైవాలో, అంటే మౌఖిక పరీక్షలో, మొదటి ప్రశ్న దానిమీదే పడుతుంది. కాకతీయుల నాటి ఆటనే రెండూ పట్టుకుని ఉండొచ్చు. అంతకుమించి అనాలంటే ఇంకో ఆధారం చూపాలి.

ఇక మదనికలు, అంటే ఆ గుడి మీది స్త్రీ శిల్పాలు. ఈ నల్లరాతి బొమ్మలు స్తంభాల మీంచి చూరు కిందికి ఏటవాలుగా ఆనుకుని ఉంటాయి. ఆ పొడుగు కాళ్లలో, ఒంటి వాలులో నర్తకిది ఎంత, చోటుకు ఒదిగేలా శిల్పి సాగదీసింది ఎంత? మోకాలి వంపు, పాదం మోపిన తీరు, చేతులు ఉన్న చోటు ఎడమ పేజీలో రాయండి. వాలు పక్కన మాత్రం ప్రశ్నార్థకం పెట్టండి. ఫొటోకు ముచ్చటగా ఉంటుందని ఆ వాలునే ముందుగా అనుకరిస్తాం, నడుము పట్టేసేదీ అక్కడే.

కుడి పేజీకి రండి. రాయి భంగిమ చూపిస్తుంది గానీ కాలం చెప్పదు, ముందేం చేశారో, తర్వాతేం చేశారో చెప్పదు. అది మీరే కల్పించాలి. అరమండిలో, అంటే మోకాళ్లు పక్కలకు వంచి సగం కూర్చున్నట్టు, నిలబడండి. ఆదితాళంలో మొదటి భాగం లఘువు, ఆ తర్వాత రెండేసి అక్షరాల ద్రుతాలు రెండు. లఘువు నాలుగు అక్షరాల్లో బరువంతా ఎడమ కాలి మీదికి తెచ్చుకోండి. మొదటి ద్రుతంలో కుడి పాదాన్ని శిల్పంలో ఉన్నచోట పెట్టండి, రెండో ద్రుతంలో చేతులు చేరాలి. తర్వాతి ఆవర్తనం (తాళం చుట్టు) మొదటి అక్షరానికి భంగిమ నిలవాలి. మొదటి కాలంలో (నెమ్మది వేగంలో) స్థిరంగా వచ్చాకే రెండో కాలం, అంటే రెట్టింపు వేగం. అక్కడ ఎడమ పాదం తూలితే ఆ సంగతి రాసుకుని, ఎడమ పేజీలో పాదం మోపిన తీరు పక్కనా ఒక ప్రశ్నార్థకం పెట్టండి: దాన్ని సరిగ్గా చూశామా?

కుడి పేజీ నుంచి ఎడమకు ప్రశ్నలే వెళ్లాలి, జవాబులు వెళ్లకూడదు. నా ఒంటికి కుదిరింది కాబట్టి అప్పుడూ ఇలాగే ఆడారనడం పరిశోధన కాదు. నాట్యాచార్యులు నటరాజ రామకృష్ణగారు నృత్తరత్నావళినీ రామప్ప శిల్పాలనూ ఆధారం చేసుకుని కాకతీయుల నాటి పేరిణి నృత్యాన్ని మళ్లీ నిలబెట్టారు. ఈనాటి పేరిణి గురించి రాసేటప్పుడు ‘పునర్నిర్మించిన’ అన్న మాట చేర్చండి. దానివల్ల ఆయన గౌరవానికి లోటేమీ రాదు, పైగా ఆయన ఎంత చేశారో అప్పుడే తెలుస్తుంది.

గంటల సంగతి ఒక్క ముక్కలో: సాధన అయిన వెంటనే, చెమట ఆరకముందే పావుగంట రాయండి. సెమినార్, ప్రోగ్రామ్ ఒకే వారంలో పడితే కొత్త అంశం ఎత్తుకోవద్దు, గైడ్‌గారికి తేదీ ముందే చెప్పేయండి.

ఈ వారం అభ్యాసం: ఎడమ పేజీని నాట్యం తెలియని తోటి స్కాలర్‌కిచ్చి ఆ భంగిమ గీయమనండి. కుడి పేజీని మీకు నట్టువాంగం చెప్పేవారికి, అంటే తాళాలతో జతులు చెబుతూ ఆడించేవారికి, ఇవ్వండి. ఇద్దరూ ఎక్కడెక్కడ ఆగి మిమ్మల్ని అడిగారో గుర్తుపెట్టుకోండి, 5వ పాఠం అక్కణ్నుంచే మొదలు.