పంటి రంగు ఫిల్లింగ్ అంచు లీకవుతోందా? ముందు బాండింగ్ దగ్గర వెతకండి

కాంపోజిట్ (పంటి రంగు ఫిల్లింగ్ పదార్థం) గట్టిపడేటప్పుడు ఘనపరిమాణంలో సుమారు 2 నుంచి 3 శాతం కుంచించుకుపోతుంది. ఆ లాగుడుకు అంచు వదలకుండా పట్టి ఉంచేది బాండింగ్ ఏజెంటే, అంటే పన్నుకూ ఫిల్లింగ్‌కూ మధ్య పూసే జిగురు (బాండ్). అది ఎక్కడ పట్టు వదిలిందో పేషెంట్ చెప్పే బాధను బట్టి చాలావరకు తెలిసిపోతుంది.

చల్లనీళ్లకు జివ్వుమంటోంది, నమిలితే కలుక్కుమంటోంది

ముందు ఆర్టిక్యులేటింగ్ పేపర్ (కొరికిన చోట రంగు అంటే కాగితం) పెట్టి ఫిల్లింగ్ ఎత్తుగా ఉందేమో చూడండి. ఉంటే తగ్గించి కొన్నాళ్లు ఆగండి. ఎత్తు లేకపోయినా కొరికితే నొప్పి వస్తుంటే డెంటిన్‌కూ (ఎనామిల్ కింది పొర) ఫిల్లింగ్‌కూ మధ్య సందు ఉందని అనుమానించాలి. నమిలిన ప్రతిసారీ సందులోని ద్రవం డెంటిన్ సన్న గొట్టాల్లోకి దూరి నరాన్ని కదిలిస్తుంది.

సందుకు మూలం ఎక్కువగా తడి లెక్క తప్పడమే. ఫాస్ఫారిక్ యాసిడ్ డెంటిన్ పైపొరలో ఖనిజాన్ని కరిగించి కొల్లాజెన్ పోగుల్ని బయటపెడుతుంది. తడిగా ఉన్నంతసేపు అవి విడివిడిగా నిలబడతాయి. గాలి గట్టిగా కొడితే చతికిలబడి ఒకదానికొకటి అతుక్కుపోతాయి, ఇక బాండ్‌లోని రెజిన్ లోపలికి దిగదు. నీళ్లు నిలిచిపోతే మరో తంటా: రెజిన్ అక్కడ సరిగా గట్టిపడదు. ఈ విషయంలో అసిటోన్ కలిసిన బాండ్ బొత్తిగా ఓర్చుకోదు, నీళ్లూ ఆల్కహాలూ ఉన్నవి కొంత మెరుగు.

చేయాల్సిన పద్ధతి ఇదీ. 37% ఫాస్ఫారిక్ యాసిడ్ జెల్ ముందు ఎనామిల్ (పంటి పైపొర) మీద పెట్టి, 15 సెకన్లయ్యాక డెంటిన్ మీదికి జరపండి. డెంటిన్ మీద 15 సెకన్లు దాటొద్దు. కనీసం 15 సెకన్లు కడిగి, డెంటిన్ మీద గాలి కొట్టకుండా తడిపి పిండిన దూది ఉండతో అద్దండి. పైన మెరుపు ఉండాలి, నీటి మడుగు ఉండకూడదు. పొరపాటున ఎండిపోయిందా? మళ్లీ యాసిడ్ పెట్టకండి. తడి మైక్రోబ్రష్‌తో కాసేపు తడిపితే పోగులు లేస్తాయి. ఆ తర్వాత బాండ్‌ను 20 సెకన్లు రుద్దుతూ పట్టించి, పొర అలలు ఆగి కదలకుండా నిలిచేదాకా మెల్లగా గాలి ఊదాలి. లోపల ద్రావకం (అసిటోన్, ఆల్కహాల్, నీళ్లు) మిగిలితే గట్టిపరిచే క్యూరింగ్ లైట్ ఎంతసేపు పెట్టినా అంతే. మన మే నెల ఎండల్లో అసిటోన్ సీసా మూత తీసి ఉంచితే వాడకముందే చిక్కబడుతుంది. అందుకే చుక్క పెట్టుకునే ముందు మాత్రమే మూత తీయండి.

ఇప్పటికే నింపేసిన పన్ను కొన్ని వారాలైనా తగ్గకపోతే ఫిల్లింగ్ తీయాల్సిందే. రెండోసారి ఎనామిల్ అంచుకే యాసిడ్ పెట్టి, డెంటిన్‌కు మైల్డ్ సెల్ఫ్-ఎచ్ బాండ్ (విడిగా యాసిడ్ పెట్టనక్కర్లేకుండా తనలోనే ఆమ్లం ఉన్న రకం) వాడితే ఈ తడి లెక్క గొడవ చాలా తగ్గుతుంది.

అంచు చుట్టూ గోధుమరంగు గీత

సెల్ఫ్-ఎచ్ బాండ్‌ను యాసిడ్ లేకుండా నేరుగా ఎనామిల్ మీద పెట్టిన చోట ఇది ఎక్కువ. 2 పరిసరాల్లో పీహెచ్ ఉండే మైల్డ్ రకాలు డెంటిన్‌కు సరిపోతాయి గానీ, బర్ తగలని ఎనామిల్‌ను లోతుగా గరుకు చేయలేవు. మరక పైపైనే ఉంటే పాలిష్ చాలు. ఎక్స్‌ప్లోరర్ (పన్ను తడిమి చూసే సూదిమొన పరికరం) గీతలో ఇరుక్కుంటే అంచును కొంచెం తెరిచి, 50 మైక్రాన్ల అల్యూమినాతో గరుకు చేసి, ఎనామిల్‌కు యాసిడ్, పాత కాంపోజిట్‌కు సైలేన్ (కొత్త రెజిన్ అతుక్కునేలా చేసే ద్రవం), ఆపైన బాండ్, ఫ్లోయబుల్ (జారే పలచని కాంపోజిట్) వేయండి. కింద మెత్తగా తగిలితే మొత్తం తీయక తప్పదు.

గీత చిగురు వైపే ఉంటే కథ వేరు. అక్కడ తరచు ఎనామిలే ఉండదు, పైగా లాలాజలం, రక్తం. రబ్బర్ డ్యామ్ (పన్నును తడి నుంచి వేరుచేసే రబ్బరు తెర), బిగుతైన వెడ్జ్ (పళ్ల మధ్య పెట్టే చీల) లేకుండా అక్కడ ఏ బాండూ నిలవదు. లోతైన అంచుకు రెజిన్ మోడిఫైడ్ గ్లాస్ అయనోమర్ (పన్నుకు తనంతట అతుక్కునే సిమెంట్) ఒక పొర వేసి, పైన కాంపోజిట్ నింపడం మేలు. బాండ్ గట్టిపడ్డాక లాలాజలం తగిలితే కడిగి, ఆరబెట్టి, మళ్లీ బాండ్ పట్టించి లైట్ పెట్టండి. తుడిచేసి సాగిపోవద్దు.

పాలిష్ చేయగానే తెల్లని గీత

కుంచించుకునే లాగుడుకు ఎనామిల్ అంచు చిట్లింది, లేదా ఫినిషింగ్ బర్ మోటుగా తగిలింది. 15 సెకన్లు యాసిడ్ పెట్టి, కడిగి ఆరబెట్టి, పలచని రెజిన్ పూసి లైట్ పెడితే చాలు. ఈసారి 2 మిల్లీమీటర్లకు మించని పొరలుగా నింపండి.

ఫిల్లింగ్ చెక్కుచెదరకుండా ఊడి చేతికొచ్చింది

డ్యూయల్ క్యూర్ కోర్ (లైట్‌తోనూ, రసాయనికంగానూ గట్టిపడే నింపుడు పదార్థం) కింద ఒకే సీసా సెల్ఫ్-ఎచ్ వాడారేమో చూడండి. బాండ్‌లోని ఆమ్లం కోర్‌ను గట్టిపరిచే అమైన్‌ను చంపేస్తుంది, కలిసేచోట గట్టిపడదు. ఆ కోర్‌కు పనికొస్తుందని తయారీదారు చెప్పిన బాండ్, అవసరమైతే యాక్టివేటర్‌తో వాడండి. పళ్లు తెల్లబరిచి 2 వారాలైనా కాలేదా? పెరాక్సైడ్ వదిలిన ఆక్సిజన్ కూడా రెజిన్‌ను గట్టిపడనివ్వదు. ఇవేవీ కాకపోతే క్యూరింగ్ లైట్ తీవ్రతను రేడియోమీటర్‌తో కొలవండి, కొన మీద ఎండిన రెజిన్ ముద్ద ఉంటే గీకేయండి.

ఎక్స్‌రేలో ఫిల్లింగ్ కింద నల్లని గీత

పుచ్చు అనుకుని వెంటనే డ్రిల్ పట్టకండి. మూలల్లో బాండ్ మడుగుకట్టినా ఇలాగే కనిపిస్తుంది, చాలా బాండ్లు ఎక్స్‌రేలో తెల్లగా పడవు. గీత అంచులు నున్నగా, పదునుగా ఉండి, పేషెంట్‌కు బాధ లేకపోతే 6 నెలలాగి అదే కోణంలో మళ్లీ తీసి పక్కపక్కన పెట్టి చూడండి.