ఇంటికి తగిన కారు – మూడో పాఠం: మైలేజీ ఎంత, అది ఏ భాగం పుణ్యం?

కిందటి పాఠంలో మీకు ఒక పని అప్పగించాను. రెండు వారాల పాటు ఇంట్లో ఎవరు ఎక్కడికి వెళ్లినా ఆ ప్రయాణాన్ని నోటుపుస్తకంలో రాయాలి: ఎంత దూరం, కారులో ఎంతమంది, దారిలో ఎన్నిచోట్ల ఆగాల్సి వచ్చింది, బయలుదేరేటప్పుడు ఇంజను చల్లగా ఉందా లేదా. రాయనివాళ్లు ఈ పాఠాన్ని ఇక్కడే ఆపి ముందు ఆ పని ముగించుకుంటే మేలు. ఇవాళ్టి లెక్కలన్నీ ఆ పుస్తకంలోంచే బయటికొస్తాయి. రాసినవాళ్లలో చాలామందికి ఒక సంగతి కొట్టొచ్చినట్టు కనిపించి ఉండాలి: ఏడాదికి రెండుసార్లు చేసే దూరప్రయాణాన్ని మనసులో పెట్టుకుని కారు వెతుకుతున్నారు, బండి తిరిగేది మాత్రం రోజూ ఐదారు కిలోమీటర్లే.

ప్రకటనలోని అంకె ఎక్కడ పుట్టింది?

కంపెనీ చెప్పే మైలేజీ రోడ్డు మీద పుట్టలేదు. ప్రయోగశాలలో కారును కదలకుండా కట్టేస్తారు. చక్రాల కింద రోలర్లు ఉంటాయి. ముందే రాసిపెట్టిన పట్టిక ప్రకారం ఒక డ్రైవరు వేగం పెంచుతూ, తగ్గిస్తూ, ఆపుతూ పోతాడు. యూరప్‌లో చాలాకాలం వాడిన ఎన్‌ఈడీసీ అనే పరీక్షలో సుమారు 20 నిమిషాల్లో 11 కిలోమీటర్లు నడిపేవారు. అంటే సగటు వేగం గంటకు 34 కిలోమీటర్లు. అది నిజజీవితానికి మరీ దూరంగా ఉందని విమర్శలు రావడంతో 2017 నుంచి డబ్ల్యూఎల్‌టీపీ అనే కొత్త పరీక్ష మొదలైంది. ఇందులో 30 నిమిషాల్లో 23 కిలోమీటర్లు నడుపుతారు, వేగం ఒక దశలో గంటకు 131 కిలోమీటర్ల దాకా వెళుతుంది. రెండు పరీక్షల్లోనూ ఏసీ వేయరు. మనమేమో కారెక్కగానే ముందు దాని మీటే నొక్కుతాం.

అలాగని ఆ అంకెను అబద్ధమని కొట్టిపారేయకండి. ఒకే పరీక్ష రాసిన ఇద్దరు విద్యార్థుల మార్కులు పోల్చుకోవచ్చు, వేర్వేరు పరీక్షలు రాసినవాళ్లవి పోల్చలేం. ఇదీ అంతే. అంకె కింద చిన్న అక్షరాల్లో పరీక్ష పేరు ఉంటుంది, ముందు అది చదవండి. రెండు కార్లకూ పరీక్ష ఒకటే అయితే ఏది ముందు, ఏది వెనక అన్నంతవరకు నమ్మండి. మీ ఇంట్లో అదే మైలేజీ వస్తుందని మాత్రం నమ్మకండి.

లీటరుకు ఎన్ని అని కాదు, వందకు ఎన్ని అని అడగండి

ఇప్పుడు ఒక చిన్న చిక్కు ప్రశ్న. ఒక ఇంట్లో లీటరుకు 10 కిలోమీటర్లు ఇచ్చే బండిని అమ్మి 12 ఇచ్చేది కొన్నారు. పక్కింట్లో 20 ఇచ్చేది అమ్మి 25 ఇచ్చేది కొన్నారు. ఇద్దరూ నెలకు 1500 కిలోమీటర్లు తిరుగుతారు. ఎక్కువ మిగిల్చుకున్నది ఎవరు? రెండు కంటే ఐదు పెద్దది కాబట్టి పక్కింటివారే అనిపిస్తుంది.

కాగితం మీద పెట్టి చూడండి. మొదటి ఇంట్లో ఇంతకుముందు నెలకు 150 లీటర్లు, ఇప్పుడు 125. మిగిలింది 25 లీటర్లు. పక్కింట్లో ఇంతకుముందు 75, ఇప్పుడు 60. మిగిలింది 15. లీటరుకు ఎన్ని కిలోమీటర్లు అనే కొలత మన కళ్లను ఇలా మోసం చేస్తుంది, ఎందుకంటే మనం ఖర్చు పెట్టేది లీటర్లు, కిలోమీటర్లు కాదు. అందుకే చాలా దేశాల్లో వంద కిలోమీటర్లకు ఎన్ని లీటర్లు అని లెక్క కడతారు. మార్చుకోవడం తేలిక: 100ను మైలేజీతో భాగించండి. 10 అయితే 10 లీటర్లు, 12 అయితే 8.3, 20 అయితే 5, 25 అయితే 4. ప్రకటనల్లో లీటరుకు ఎన్ని అని ఉన్నా, ఖర్చు లెక్క మాత్రం ఇకనుంచి లీటర్లలోనే కడదాం. మొదట్లో నాలిక తిరగదు, నాలుగు రోజుల్లో అలవాటవుతుంది.

మీ చేత్తో మీరే కొలవండి

ఇప్పుడు మీ దగ్గరున్న బండితో కొలవడం నేర్చుకోండి. సొంత బండి లేకపోతే చుట్టాలదో స్నేహితులదో చాలు. ట్యాంకు నింపించండి. పంపు దానంతట అదే టక్కున ఆగిన చోట ఆపేయమనండి, ఇంకొంచెం పట్టిస్తామంటే వద్దనండి. ఓడోమీటరు అంకె రాసుకోండి. 42,318 అనుకుందాం. మామూలుగా తిరగండి. ట్యాంకు సగం పైగా ఖాళీ అయ్యాక అదే బంకులో, వీలైతే అదే పంపు దగ్గర, మళ్లీ టక్కున ఆగేదాకా నింపించండి. ఓడోమీటరు 42,806 చూపిస్తోంది, పట్టింది 33.4 లీటర్లు. నడిచింది 488 కిలోమీటర్లు. 33.4ను 4.88తో భాగిస్తే వందకు 6.8 లీటర్లు. పాత లెక్కలో లీటరుకు 14.6.

ఒక్క ట్యాంకుతో తీర్పు చెప్పకండి, మూడు ట్యాంకుల లెక్క తీసి సగటు చూడండి. నేల ఏటవాలుగా ఉన్నా పంపు ఒక లీటరు అటూఇటూగా ఆగిపోతుంది, మూడుసార్లు కొలిస్తే ఆ తేడా సర్దుకుంటుంది. డ్యాష్‌బోర్డు మీద కనిపించే మైలేజీ ఉంది కదా అంటారేమో. నా కారులో అది 15.9 అని చూపిస్తున్న వారమే నా పుస్తకంలో 14.6 వచ్చింది. యజమానిని సంతోషపెట్టడం దానికి బాగా తెలుసు.

ఇంధనం ఎక్కడ కరిగిపోతోంది?

ఇది తెలియకుండా పెట్రోలా, డీజిలా, ఇంజనుతోపాటు విద్యుత్ మోటారు కూడా ఉండే హైబ్రిడా అని వాదించుకోవడం దండగ.

ఊళ్లో తిరిగేటప్పుడు ఇంధనాన్ని తినేసేది బ్రేకు. టన్నుకు పైగా బరువున్న బండిని వేగం అందుకునేలా చేయడానికి ఇంధనం కాల్చారు, సిగ్నల్ దగ్గర బ్రేకు వేయగానే ఆ శక్తి అంతా వేడిగా మారి గాలిలో కలిసిపోయింది. మళ్లీ మొదటినుంచీ మొదలు. పెద్ద రోడ్డు మీద శత్రువు గాలి. గాలి నిరోధం వేగానికి వర్గంగా పెరుగుతుంది. గంటకు 80 నుంచి 120కి వెళితే వేగం ఒకటిన్నర రెట్లే, గాలి తోసే బలం మాత్రం రెండుంపావు రెట్లు. కారు పైకప్పు మీద సామాను పెట్టుకునే కడ్డీలు ఖాళీగా ఉన్నా ఆ బలం ఇంకాస్త పెరుగుతుంది. మూడోది చల్లటి ఇంజను. వేడెక్కేదాకా పెట్రోలు సరిగా ఆవిరి కాదు, అందుకని ఇంజను ఎక్కువ ఇంధనం తీసుకుంటుంది. రెండు కిలోమీటర్లు వెళ్లి ఆపేస్తే ప్రయాణమంతా ఆ దుబారాలోనే గడిచిపోతుంది.

ఇప్పుడు హైబ్రిడ్ ఎందుకు పొదుపో తేలికగా అర్థమవుతుంది. బ్రేకు వేసినప్పుడు పోయే శక్తిలో కొంత భాగాన్ని మోటారు వెనక్కి లాగి బ్యాటరీలో దాచుకుంటుంది, కదిలేటప్పుడు తిరిగి వాడుకుంటుంది. ఆగిన చోట ఇంజను ఊరికే తిరగదు. అంటే దాని లాభం చాలావరకు ఊళ్లోనే. ఉదాహరణకు ఒక మామూలు పెట్రోలు కారు లీటరుకు ఊళ్లో 11, పెద్ద రోడ్డు మీద 18 ఇస్తుందనుకుందాం. హైబ్రిడ్ ఊళ్లో 20, బయట 19 ఇస్తుందనుకుందాం. ఏడాదికి 12,000 కిలోమీటర్లలో 9,000 ఊళ్లోనే తిరిగే ఇంటికి పెట్రోలు కారు 985 లీటర్లు, హైబ్రిడ్ 608 లీటర్లు తాగుతాయి. తేడా 377. అదే ఇల్లు 3,000 ఊళ్లో, 9,000 బయట తిరిగితే 773, 624. తేడా 149కి పడిపోయింది. రెండూ అవే కార్లు, మారింది మీ నోటుపుస్తకం మాత్రమే. హైబ్రిడ్‌కు అదనంగా పెట్టే ధర ఎన్నేళ్లకు తిరిగి వస్తుందో ఈ లీటర్ల తేడాయే చెబుతుంది.

ఆదా చేసే భాగమే మొరాయిస్తే

మైలేజీ ఊరికే రాదు. దాన్ని సంపాదించిపెట్టే భాగం ఒకటి ఎక్కడో ఉంటుంది, ఆ భాగం ఎంత నమ్మకమైనదో చూడకుండా మైలేజీని మెచ్చుకోకూడదు. అమ్మకందారును నేను మొదట అడిగేది ఇదే: పాత మోడల్ కంటే దీనికి మైలేజీ ఎక్కువంటున్నారు, ఏం మార్చారు?

మా బావగారి అనుభవం చెబుతాను. మైలేజీ బాగుంటుందని డీజిలు కారు కొన్నారు. ఇల్లు, బడి, ఆఫీసు అన్నీ కలిపినా నాలుగు కిలోమీటర్ల లోపే. ఏడో నెలలో డ్యాష్‌బోర్డు మీద పసుపు దీపం వెలిగింది. మెకానిక్ ఇంజను ఆయిలు చూసే పుల్ల బయటికి తీసి, గుడ్డతో తుడిచి, మళ్లీ ముంచి తీశాడు. ఆయిలు పై గీత దాటి ఉంది. వాసన చూసి బావగారి ముక్కు దగ్గర పెట్టాడు: డీజిలు. జరిగింది ఇది: ఆధునిక డీజిలు కార్లలో పొగ మసిని పట్టే జల్లెడ ఒకటి ఉంటుంది. ఆ మసి కాలిపోవాలంటే పొగగొట్టం బాగా వేడెక్కాలి, అందుకు కొంతసేపు ఆగకుండా నడవాలి. నాలుగు కిలోమీటర్లలో అది కుదరదు. మసి కాల్చడానికని ఇంజను అదనంగా చిమ్మిన డీజిలు కాలకుండా ఆయిలులోకి జారుతూ వచ్చింది. ఆయిలు మార్చారు. ఆ తరవాత బావగారు ప్రతి ఆదివారం ఏ పనీ లేకపోయినా పెద్ద రోడ్డెక్కి అరగంట తిరిగి వచ్చేవారు. పొదుపు కోసం కొన్న కారు అది.

డీజిలు చెడ్డదని కాదు. రోజూ వంద కిలోమీటర్లు ఏకబిగిన నడిపేవారికి అదే జల్లెడ గుర్తుకు కూడా రాదు.

గేరుబాక్సుల్లోనూ ఇదే కథ. రెండు క్లచ్‌ల గేరుబాక్సు మైలేజీ బాగా ఇస్తుంది. అందులో ఆయిలు లేకుండా పొడిగా పనిచేసే రకానికి మాత్రం నత్తనడక ట్రాఫిక్ పడదు, క్లచ్‌లు వేడెక్కుతాయి. సీవీటీ అనే మరో రకం ఆటోమేటిక్ గేరుబాక్సులో ఉక్కు బెల్టు, కప్పీలు ఉంటాయి. నడక సాఫీగా ఉంటుంది, కానీ దాని ఆయిలు సమయానికి మార్చాలి. జీవితకాలం మార్చనక్కరలేదని ఎవరైనా చెబితే, ఎవరి జీవితకాలమో అడగండి. కొన్ని చిన్న టర్బో ఇంజన్లలో రాపిడి తగ్గించడానికి టైమింగ్ బెల్టును, అంటే ఇంజను కవాటాలను సమయానికి తెరిచి మూయించే రబ్బరు బెల్టును, ఇంజను ఆయిలులోనే తిప్పుతారు. ఆ రబ్బరు పొట్టు రాలితే ఆయిలు పీల్చే జాలీకి అడ్డం పడుతుంది. అలాంటి ఇంజనైతే ఆయిలు మార్పు ఒక్కసారి కూడా వాయిదా వేయకూడదు.

ఇన్ని కొత్త భాగాలున్న హైబ్రిడ్ ఇంకా గొడవ కాదా అన్న అనుమానం సహజం. కానీ 1997లో జపాన్‌లో టొయోటా ప్రియస్‌తో మొదలైన పద్ధతిలో గేర్లు మార్చే యంత్రాంగమే లేదు. ఎప్పుడూ ఒకదానికొకటి పట్టుకుని తిరిగే ఒక పళ్లచక్రాల కూర్పు, రెండు మోటార్లు, అంతే. అరిగే క్లచ్ లేదు, జారే బెల్టు లేదు. బ్రేకు పని సగం మోటారే చేస్తుంది కనక ప్యాడ్లు కూడా ఎక్కువ కాలం వస్తాయి. పెద్ద ఖర్చు ఒక్కటే, బ్యాటరీ. దాని వారంటీ ఎన్నేళ్లో, ఎన్ని కిలోమీటర్లో కాగితం మీద చూపించమనండి. అయితే హైబ్రిడ్ అని పేరున్నవన్నీ ఇలా ఉండవు. మామూలు గేరుబాక్సుకే చిన్న మోటారు తగిలించి ఆ పేరు పెట్టినవీ ఉన్నాయి, వాటి లాభమూ అంత చిన్నదే.

కొత్తగా విడుదలైన ఇంజను, గేరుబాక్సుల జంటను మొదటి ఏడాది కొనకండి. అదే జంట మూడు నాలుగేళ్లుగా రోడ్ల మీద ఉంటే దాని జబ్బులు మెకానిక్‌లకు ఈపాటికే తెలిసి ఉంటాయి. కారు పైరూపం కొత్తదా పాతదా అన్నది ఇక్కడ లెక్కలోకి రాదు.

ఈ వారం పని

మీ నోటుపుస్తకం నుంచి ఏడాదికి ఊళ్లో ఎన్ని కిలోమీటర్లు, బయట ఎన్ని అని విడదీయండి. మనసులో ఉన్న మూడు కార్లకు ఏడాది లీటర్లు కట్టండి. ఒక్కో కారు పేరు పక్కన దాని మైలేజీకి కారణమైన భాగం పేరు, ఆ భాగం పోతే ఎంత ఖర్చవుతుందో రాయండి. ఆ ఖర్చు షోరూమ్‌లో కాదు, ఆ బండ్లను బాగుచేసే మెకానిక్‌ను అడిగి రాయాలి.

నాలుగో పాఠంలో పాత కారు చూడటానికి వెళతాం. ఒక టార్చిలైటు, తెల్ల గుడ్డ ఒకటి సిద్ధం చేసుకోండి. అమ్మేవారికి ముందే ఫోను చేసి, మనం వచ్చేదాకా ఇంజను స్టార్ట్ చేయవద్దని చెప్పండి. వెళ్లగానే బానెట్ మీద చేయి పెట్టి చూడండి. అది వెచ్చగా ఉంటే, ఇంకేమీ అడగకుండా మరో రోజు వస్తామని చెప్పి వచ్చేయండి.