లీజు కాగితం మీద సంతకానికి ముందు

అమెరికాలో కొత్త కారు తీసుకుంటున్న మనవాళ్లకు ఒక మాట. డీలర్ ముందుగా చూపించేది నెల కిస్తీ. లీజు అంటే కారు కొనకుండా, సాధారణంగా మూడేళ్లకు, అద్దెకు తీసుకోవడం. అందులో కిస్తీ తక్కువగా కనిపించడం మామూలే, ఎందుకంటే మీరు కట్టేది కారు మొత్తం ధర కాదు, ఆ మూడేళ్లలో పడిపోయే విలువ, దానిపై వడ్డీ, పన్నులు.

ఆ వడ్డీ ఎంతో అడగండి. ‘మనీ ఫ్యాక్టర్ 0.0025’ అంటారు. వినడానికి ఏమీ లేనట్టే ఉంటుంది. దాన్ని 2400తో గుణించండి: 6 శాతం! ఇప్పుడు మీ బ్యాంకు ఇచ్చే కారు లోను రేటుతో పోల్చి చూడండి.

తర్వాత మైళ్లు. టెక్సస్‌లో డాలస్ దగ్గరి ఫ్రిస్కోలో ఇల్లు, ఇర్వింగ్‌లో ఆఫీసు అనుకుందాం. రానూపోనూ రోజుకు సుమారు 50 మైళ్లు, ఏడాదికి 250 పనిదినాలంటే 12,500. ఏడాదికి పదివేల మైళ్ల పరిమితి ఉన్న లీజు తీసుకుంటే మూడేళ్లకు 7,500 మైళ్లు ఎక్కువవుతాయి. ఆ అదనపు మైళ్లకు మైలుకు 25 సెంట్ల చొప్పున కట్టాల్సి వస్తే 1,875 డాలర్లు. గుడికీ, ఇండియన్ స్టోర్‌కీ తిరిగినవి ఇందులో కలపలేదు సుమా.

లీజుకు డౌన్ పేమెంట్ మాత్రం పెద్దగా కట్టకండి. రెండో నెలలోనే యాక్సిడెంటై కారు పనికిరాకుండా పోతే ఆ డబ్బు సాధారణంగా తిరిగి రాదు.

నా మటుకు నేను ఎనిమిదేళ్లు నడిపే రకం, కొనేస్తాను. వీసా సంగతి తేలక, రెండేళ్లలో ఇండియాకు వెళ్లిపోవచ్చు అనుకుంటే మూడేళ్ల లీజు కూడా టెన్షనే. మధ్యలో వదిలించుకోవడం ఖరీదు. అలాంటప్పుడు బాగున్న పాత కారు చూసుకోండి.