ఎడారి దారిలో ముందు నిండేది మురుగు ట్యాంకు

మోటార్‌హోమ్‌లో, అంటే వంటిల్లు, పడకలు ఉన్న బండిలో, ఎడారి దాటేటప్పుడు అందరికీ మంచినీళ్ల టెన్షనే. నిజానికి ముందు చేతులెత్తేసేది మురుగునీళ్ల ట్యాంకు. 2020 ఏప్రిల్‌లో కాలిఫోర్నియాలోని బిషప్ నుంచి నెవాడా మీదుగా సాల్ట్ లేక్ సిటీలో ఇంటికి వస్తుంటే మాకు తెలిసొచ్చింది. కరోనా వల్ల దారిలో క్యాంపుగ్రౌండ్లు మూసి ఉన్నాయి, ట్యాంకు ఖాళీ చేసుకునే చోటు దొరకలేదు.

దాంతో సింకు కుళాయి తిప్పడమే మానేశాం. గిన్నెకు అంటిన పప్పును ముందు టిష్యూతో గట్టిగా తుడిచేయాలి. తర్వాత స్ప్రే బాటిల్‌తో సబ్బునీళ్లు నాలుగు చిమ్ములు, మంచినీళ్లు నాలుగు చిమ్ములు. రెండు గ్లాసుల నీళ్లతో పూట గిన్నెలన్నీ అయిపోయేవి. అమ్మ ఎప్పుడో సూట్‌కేసులో కుక్కి పంపిన విస్తరాకులు కూడా అక్కరకొచ్చాయి.

నెవాడాలో టోనోపా ఊరి నుంచి ఈలీ ఊరి దాకా ఆరో నంబరు హైవే మీద సుమారు 270 కిలోమీటర్లు పెట్రోలు దొరకదు. టోనోపాలోనే ఫుల్ చేసుకోండి. ఇంకోటి, చాలా మోటార్‌హోమ్‌లలో ఇంధనం పావు ట్యాంకుకు దిగితే జనరేటర్ దానంతటదే ఆగిపోతుంది, బండి నడవడానికి కాస్త మిగలాలని. అది తెలియక మా ఆయన రిపేరనుకుని గంటసేపు దాని పక్కనే చతికిలబడ్డారు.

రాత్రి ఆగడానికి మట్టిదారిలోకి తిప్పేముందు ఒకరు దిగి నడిచి చూడండి. మడమ దిగబడే చోట బండీ దిగబడుతుంది.