స్లర్మ్ నిర్వహణ, 5వ పాఠం: నోడ్ ఎందుకు డ్రెయిన్‌లో పడింది?

స్లర్మ్ అంటే చాలా కంప్యూటర్ల (నోడ్ల) మధ్య పనులను (జాబ్‌లను) పంచి నడిపే సాఫ్ట్‌వేర్. ఈ పాఠంలో పార్టిషన్ల (నోడ్లను విభజించిన గుంపుల) గురించి చెప్పవలసి ఉంది. అయితే గత పాఠం చూసి స్లర్మ్.కాన్ఫ్ అనే సెట్టింగుల ఫైలులో నోడ్ల వరుస రాసుకున్నవారిలో కడప నుంచి ఇద్దరు, ఇక్కడ అనంతపురంలోనే ఒకరు ఒకే ఇబ్బంది తెలియజేశారు: నోడ్లన్నీ డ్రెయిన్‌లో పడ్డాయి, రెజ్యూమ్ చేసినా (తిరిగి పనిలోకి తెచ్చినా) నిలవడం లేదు. పార్టిషన్లు వచ్చే పాఠానికి వాయిదా వేస్తున్నాను.

డ్రెయిన్‌లో ఉన్న నోడ్‌కు కొత్త జాబ్ రాదు, నడుస్తున్న జాబ్ మాత్రం పూర్తయ్యేదాకా సాగుతుంది. డౌన్ అంటే నడుస్తున్న జాబ్ కూడా ఆగిపోతుంది. కంగారులో డౌన్ చేసి మూడు రోజుల లెక్క పోగొట్టుకున్న పాఠకుడి బాధ నాకు అర్థమైంది. మరమ్మతుకు ఎప్పుడూ డ్రెయిన్‌నే వాడండి.

ఇక అసలు తప్పు. 16 జీబీ మెమరీ ఉన్న యంత్రానికి రియల్‌మెమరీ (ఎంబీలలో నోడ్ మెమరీ) విలువను మీరందరూ 16384 అని రాశారు. పెట్టె మీది అంకె అదే కావచ్చు, కానీ ఫర్మ్‌వేర్, కెర్నల్ (ఆపరేటింగ్ సిస్టమ్ మూలభాగం) తమ వాటా తీసుకున్నాక మిగిలేది అంతకంటే తక్కువ. పచ్చి వేరుశనగకాయల తూకాన్ని ఎండిన కాయల తూకంగా మన జిల్లాలో ఎవరూ లెక్క రాయరు; ఇక్కడా అంతే. నోడ్ మీద నడిచే స్లర్మ్ ప్రోగ్రామ్ అయిన స్లర్మ్‌డీ తన వద్ద నిజంగా ఉన్న మెమరీని కంట్రోలర్‌కు (అన్ని నోడ్లనూ నియంత్రించే యంత్రానికి) తెలిపినప్పుడు, అది ఫైలులోని అంకెకంటే తక్కువైతే కంట్రోలర్ ఆ నోడ్‌ను డ్రెయిన్ చేసి, "లో రియల్‌మెమరీ" అని కారణం రాసిపెడుతుంది. కొత్త వెర్షన్లలో ఆ స్థితి ఇన్‌వాల్ అని కనిపిస్తుంది. ఫైలులోని అంకెను దిద్దకుండా ఎన్నిసార్లు రెజ్యూమ్ చేసినా ప్రయోజనం లేదు.

నోడ్ల స్థితి చూపే ఎస్‌ఇన్ఫో ఆదేశానికి హైఫన్, పెద్దక్షరం ఆర్ చేర్చి ఇస్తే కారణం, దాన్ని నమోదు చేసిన యూజర్, సమయం మూడూ వస్తాయి. దాన్ని చదవకుండా రెజ్యూమ్ చేయడం ఏ పరిస్థితిలోనూ సరికాదు. మీరు డ్రెయిన్ చేసేటప్పుడు కూడా "సమస్య" అని కాక "2వ డిస్క్ మార్చాలి" అన్నంత స్పష్టంగా కారణం రాయండి.

దిద్దుబాటుకు నోడ్ మీద స్లర్మ్‌డీని హైఫన్, పెద్దక్షరం సీతో నడపండి. మెమరీ నిజమైన అంకె వస్తుంది. అది 15872 అయితే నేను 15500 రాస్తాను, ఎందుకంటే కెర్నల్ మారినప్పుడు ఆ అంకె కొంచెం తగ్గవచ్చు. మార్చిన ఫైలును అన్ని నోడ్లకూ పంపి, ముందు కంట్రోలర్‌లో దాని ప్రోగ్రామ్ అయిన స్లర్మ్‌సీటీఎల్‌డీని, తరువాత నోడ్లలో స్లర్మ్‌డీని రీస్టార్ట్ చేయండి. నడుస్తున్న జాబ్‌లకు దీనివల్ల హాని లేదు. చివరగా ఎస్‌కంట్రోల్ అప్‌డేట్ ఆదేశంతో, నోడ్‌నేమ్ ఇచ్చి, స్టేట్‌ను రెజ్యూమ్ చేయండి.

అభ్యాసం: ఒక నోడ్‌పై 600 సెకన్ల స్లీప్ జాబ్ పెట్టి, అది నడుస్తుండగా ఆ నోడ్‌ను డ్రెయిన్ చేయండి. ఎస్‌ఇన్ఫోలో స్థితి ముందు ఏమిటో, జాబ్ ముగిశాక ఏమిటో ఊహించి కాగితం మీద రాసిపెట్టి, ఆ తరువాతే చూడండి. పిమ్మట మరో ఖాళీ నోడ్ రియల్‌మెమరీని కావాలని 500 ఎక్కువ రాసి, పై దిద్దుబాటును పాఠం చూడకుండా మొదటి నుంచి చివరిదాకా చేయండి.